పదిహేనో నంబరు జెర్సీ

టైలరమ్మకు బాస్కెట్‌బాల్ అంటే ఏమిటో తెలియదు, తెలుసుకోవాలన్న సరదా కూడా లేదు. ఆమెకు తెలిసిందల్లా ఒక్కటే. సాయంత్రం ఐదయ్యేసరికి ఆ ఆట తన మొగుణ్ణి ఇంట్లోంచి తీసుకుపోతుంది, ఎనిమిదింటికి మళ్ళీ తెచ్చి గుమ్మంలో దింపుతుంది. పద్నాలుగేళ్ళుగా ఆ మూడు గంటలూ ఆమెవి. ముందుగదిలో కుట్టుమిషను దగ్గర కూర్చుని, రేడియో పెట్టుకుని, ఎవరికీ సంజాయిషీ చెప్పుకోకుండా కుట్టుకునేది. ఆ మూడు గంటల్లో కుట్టిన బట్టలకు వంక పెట్టినవాళ్ళు ఇంతవరకు లేరు.

మొగుడు చెడ్డవాడని కాదు. ఉన్నమాట చెప్పుకోవాలి కదా. బస్సు డిపోలో పెద్ద మెకానిక్కు, పనిమంతుడు, తాగుడూ తిరుగుడూ లేవు. ఉన్న జబ్బల్లా ఒకటే, కంటికి కనబడిన ప్రతిదాన్నీ బాగుచేస్తాడు. బాగా ఉన్నదాన్ని కూడా. ఒక ఏడాది వానలకు డిపో వెనకున్న కోర్టు చెరువైపోయి పదకొండు రోజులు ఆట ఆగింది. ఆ పదకొండు రోజుల్లో ఆయన ఆమె కుట్టుమిషను విప్పి, నూనె పోసి, తిరిగి బిగించేసరికి రెండు మరలు మిగిలాయి. అవి మొదట్నుంచీ అక్కర్లేనివే అన్నాడు. వంటింట్లో డబ్బాలన్నీ ఎత్తు ప్రకారం సర్ది, ఉప్పు ఎక్కడుందో తనకు కూడా తెలియకుండా చేశాడు. గౌను కుట్టించుకుందామని వచ్చిన ఒకావిడతో, ఆ రంగు మీకు నప్పదమ్మా అని మొహం మీదే చెప్పాడు. ఆవిడ మళ్ళీ ఈ గుమ్మం తొక్కితే ఒట్టు. పన్నెండో రోజు ఎండ కాసినప్పుడు టైలరమ్మ కిటికీలోంచి ఆకాశానికి దండం పెట్టింది.

అలాంటి మనిషికి, డిపోకు కొత్తగా వచ్చిన మేనేజరు ఒక షరతు పెట్టాడు. కోర్టు ఉన్న జాగాలో ఎనిమిది బస్సులు పడతాయి. ఊరికే ఓడిపోయే జట్టు కోసం ఎనిమిది బస్సుల్ని రోడ్డు మీద పెట్టలేను. డిపోల లీగు మొదలవుతోంది కాబట్టి మొదటి మూడు మ్యాచ్‌ల్లో ఒక్కటైనా గెలవండి, ఉంచుతాను. లేదంటే బుట్టలు పీకించేసి బస్సులకు గీతలు గీయిస్తాను. ఇదీ ఆయన మాట. మాస్టారు, అంటే టైలరమ్మ మొగుడు, జట్టుకు కోచ్ ఆయనే కాబట్టి డిపోలో అందరూ మాస్టారు అనే పిలుస్తారు, ఈ షరతుకు నవ్వి ఊరుకున్నాడట. ఒక్క మ్యాచ్‌దేముంది, కిందటేడు ఆరు గెలిచాం అన్నాడు.

కిందటేడు ఆరు గెలిచిన జట్టు ఇప్పుడు ఎక్కడుందో ఆయన అప్పటికి లెక్క చూసుకోలేదు. నిచ్చెన అని పిలిచే పొడుగాయనకు వేరే డిపోకు బదిలీ అయింది. బంతి పట్టుకుని చక్కర్లు కొట్టే బొంగరానికి ఇన్‌స్పెక్టరుగా ప్రమోషన్ వచ్చి, ఇప్పుడు సాయంత్రాలు బస్సుల్లో టికెట్లు తనిఖీ చేస్తున్నాడు. ఒకడికి మోకాలు పోయింది. ఇంకొకడికి పెళ్ళయింది, ఆ తరవాత వాణ్ణి ఎవరూ చూడలేదు. మిగిలినవాడు గోడ ఒక్కడే. పేరుకు తగ్గ మనిషి, నిలబెట్టిన చోట నిలబడతాడు. సీజనుకు ఇంకా ఎనిమిది రోజులుందనగా మాస్టారు డిపో అంతా గాలించి నలుగుర్ని పట్టుకొచ్చాడు. ఇద్దరు కుర్ర కండక్టర్లు, వెదురుబొంగులా సన్నగా పొడుగ్గా ఉన్నందుకు వెదురు అని పేరు పడ్డ కొత్త ఎలక్ట్రీషియను, టికెట్ కౌంటరులో కూర్చునే గుమస్తా. గుమస్తా పొట్టి, పైగా పొట్ట ఆయన కంటే ముందు గదిలోకి వస్తుంది. మరి ఆయన్ని ఎందుకు తీసుకున్నారని ఎవరో అడిగితే, అడిగినవాళ్ళలో వస్తానన్నది ఆయనొక్కడే అని మాస్టారు నిజం చెప్పేశాడు.

ఇక్కడ జెర్సీల సంగతి చెప్పాలి. ఈ డిపో జట్టుకు ఒక పద్ధతి ఉంది. మాస్టారి దగ్గర ఆకుపచ్చ అట్ట నోటు పుస్తకం ఒకటుంది. పద్నాలుగేళ్ళ ఆట ఎత్తులన్నీ అందులో బొమ్మలు గీసి ఉన్నాయి. ఎక్కడా ఒక్క మనిషి పేరు ఉండదు, అన్నీ నంబర్లే. నాలుగు బంతి తెస్తాడు. తొమ్మిది, పదకొండు మూలలకు పరిగెడతారు. ఏడు అడ్డం నిలబడతాడు. పదిహేను బుట్ట కింద ఉంటాడు. మనుషులు మారతారని తెలుసు కాబట్టే ఆయన నంబర్లతో రాసుకున్నాడు. ఎవరు వచ్చినా ఆ జెర్సీ తొడుక్కుని ఆ నంబరు పని చెయ్యాలి. జెర్సీ వేసుకోకుండా కోర్టులో అడుగు పెట్టనివ్వడు, సాధనకైనా సరే. కొత్త జెర్సీలు కుట్టిద్దామంటే కూడా ఒప్పుకోలేదు. పాతవి ఒక సంచిలో కుక్కి తెచ్చి ఇంట్లో పడేసి, "కుర్రాళ్ళు వస్తారు, సరిపోయేలా చేసి పెట్టు" అని చెప్పి డిపోకు వెళ్ళిపోయాడు.

టైలరమ్మ చెప్పింది చెప్పినట్టు చేసింది. నలుగుర్నీ ముందుగదిలో వరసగా నిలబెట్టి కొలతలు తీసుకుంది. బట్టల పని తెలిసినవాళ్ళు ఎవరైనా ముందు చుట్టుకొలతే చూస్తారు. పొడవు చాలకపోతే కింద ఒక పట్టీ వేయొచ్చు, చుట్టుకొలత చాలకపోతే మనిషిని కోసుకోలేం కదా. గుమస్తా పొట్ట మీదుగా దిగిన జెర్సీ ఒక్కటే, నిచ్చెన వేసుకున్న పదిహేను. అది ఆయనకిచ్చి అడుగున జానెడు మడిచి కుట్టింది. వెదురుకు అన్నీ గోనెసంచుల్లా వేలాడుతుంటే, బొంగరం వేసుకున్న నాలుగు ఒక్కటే ఒంటిని అంటుకుంది. కాకపోతే బొడ్డు కనబడుతోంది. దానికి తగిన నీలం గుడ్డ దొరక్క, ఒక చంటిపిల్ల గౌనులో మిగిలిన పసుపు గళ్ళ ముక్క అతికి పొడవు పెంచింది. వెదురు కిందికి చూసుకుని మొహమాటంగా, బావుందక్కా అన్నాడు. మధ్యలో ఆమె సుద్దముక్క అడిగితే, గుమస్తా అద్దంలో తన పొట్ట చూసుకుంటూనే, వెనక్కి తిరగకుండా విసిరాడు. అది తిన్నగా వచ్చి ఆమె అరచేతిలో పడింది. పొద్దస్తమానం కన్నంలోంచి చిల్లరా టికెట్లూ అందించే చేతులు, అలవాటే అన్నాడు.

మొదటి మ్యాచ్ డెబ్భై ఒకటి, ఇరవై రెండుతో పోయింది. ఇరవై రెండు ఎవరివో చెప్పక్కర్లేదు.

ఆ రోజు ఎనిమిదింటికి ఇంటికొచ్చిన మాస్టారు కాళ్ళు కడుక్కుని, పెట్టింది తిని, గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. కూరలో ఉప్పు ఎక్కువైంది, ఏమీ అనలేదు. మర్నాడు కూడా అంతే, ఉలుకూ లేదు పలుకూ లేదు. మొదట టైలరమ్మకు ప్రాణం హాయిగా ఉన్నమాట నిజం. ముప్ఫై ఏళ్ళ కాపురంలో తన కత్తెర ఎలా పట్టుకోవాలో తనకు ఎవరూ చెప్పని ఆదివారం అదే మొదటిది. సోమవారానికి ఆ హాయి కాస్తా గుబులుగా మారింది. కుళాయి బొట్టు బొట్టుగా కారుతుంటే ఆయన చూసి కూడా కదల్లేదు. పరీక్షిద్దామని ఆమె ఆయన కూర్చునే కుర్చీ కాలికి మర కాస్త వదులు చేసింది. ఆయన వచ్చి అందులో కూర్చున్నాడు, కుర్చీ అటూ ఇటూ ఊగింది, ఆయనా దాంతోపాటు ఊగుతూ గోడకేసి చూశాడు. మూడు గంటలు పోతే పోయాయి, ఈ మనిషి ఇలా అయిపోతే ఎలా అనుకుంది టైలరమ్మ.

అందుకే రెండో మ్యాచ్‌కు మిషను మూసేసి తనూ వెళ్ళింది. పద్నాలుగేళ్ళలో మొదటిసారి. చెక్కమెట్ల మీద చివర కూర్చుంది. ఆట అర్థం కాలేదు గానీ, అర్థం కావలసింది ఐదు నిమిషాల్లో అర్థమైంది. పొట్టి గుమస్తా బుట్ట కింద చేతులు చాపుకుని నిలబడ్డాడు. చుట్టూ అవతలి జట్టు వాళ్ళు ఆయన నెత్తిమీదుగా, ఆయన అక్కడున్నట్టే తెలియనట్టు, బంతి తీసుకుని పోతున్నారు. ఇవతల వెదురు బంతిని నేలకు కొట్టుకుంటూ తీసుకురావాలని నానా తంటాలూ పడుతున్నాడు. అంత పైనుంచి వంగేసరికి బంతి మోకాలికి తగిలి ఒక దిక్కుకూ, అతను ఒక దిక్కుకూ పోతున్నారు. పసుపు గళ్ళ పట్టీ చూసి ఎదుటి జట్టు వాళ్ళు నవ్వుతున్నారు. పక్కనుంచి మాస్టారు పుస్తకం చూసి, నాలుగూ తీసుకురా, పదిహేనూ ఎగురు అని గొంతు చించుకుంటున్నాడు. గుమస్తా పాపం, ఎగురుతూనే ఉన్నాడు.

తన కుట్లు తనకు తెలియవా. నెత్తిన పిడుగు పడ్డట్టయింది టైలరమ్మకు. ఎవరు ఎక్కడ ఆడాలో నిర్ణయించింది ఇంకెవరో కాదు, తన టేపు. ఆ మ్యాచ్ కూడా అరవై నాలుగు, ముప్ఫైతో పోయింది. మెట్ల మీద నిలబడి చూసిన మేనేజరు కోర్టు ఈ చివర్నుంచి ఆ చివరికి అడుగులు కొలుస్తూ నడిచి వెళ్ళిపోయాడు.

ఇంటికి నడిచి వస్తుంటే ఆమె మెల్లగా కదిపింది.

"ఏమండీ, ఆ పొట్టాయన బుట్ట కింద ఏం చేస్తున్నాడు?"

"అతను పదిహేను."

"ఆ పదిహేను ఆయనకిచ్చింది నేను. పొట్ట పట్టిందని ఇచ్చానంతే. వాళ్ళిద్దర్నీ అటు ఇటు మార్చెయ్యండి."

మాస్టారు వీధిలో ఆగిపోయాడు. నిచ్చెన వచ్చిన కొత్తలో బంతి మీదికొస్తే కళ్ళు మూసుకునేవాడని, పదిహేను తొడిగాకే ఆటగాడయ్యాడని, ఈ గుమస్తా కూడా అవుతాడని, ఇన్నేళ్ళూ ఈ పద్ధతిలోనే గెలిచామని ఏకబిగిన చెప్పాడు. మూడు రోజుల తరవాత ఆయన తనతో ఇన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు కాబట్టి ఆమె అడ్డం రాలేదు. చివరికి గొంతు తగ్గింది.

"వాళ్ళు వస్తారు, పోతారు. ఎప్పుడూ ఉండేది ఆ పుస్తకమే. అదీ తప్పేనంటే, పద్నాలుగేళ్ళు నేను చేసిందేమిటి? నా పుస్తకం జోలికి మాత్రం రాకు."

"మీ పుస్తకం నాకెందుకండీ," అంది టైలరమ్మ. ఆమెకు ఆయన మీద ఒళ్ళు మండింది, జాలీ వేసింది. రెండూ కలిసి వచ్చినప్పుడు ఆమె ఎప్పుడూ మాట్లాడదు.

మ్యాచ్ అయ్యాక జెర్సీలు ఉతకడానికి ఇంటికే వస్తాయి. మూడో మ్యాచ్ రోజు ఉదయం మాస్టారు డిపోకు వెళ్ళగానే ఆమె గోడకు కబురు పెట్టింది. ఆటకు ముందు స్కోరు రాసేవాళ్ళకు పేర్లూ నంబర్లూ రాసిచ్చేది అతనే, జట్టుకు కెప్టెన్ కాబట్టి. గోడ వచ్చేసరికి బల్ల మీద రెండు జెర్సీలు పరిచి, బ్లేడుతో నంబర్ల కుట్లు విప్పుతోంది. సంగతి విని గోడ మొహం పాలిపోయింది.

"వదినా, మాస్టారు నన్ను బతకనివ్వరు."

"నీ పేరు బయటికి రానివ్వను. కాగితం మీద గుమస్తా నాలుగు, వెదురు పదిహేను అని రాసిచ్చెయ్. మిగతాది నాకొదిలెయ్."

గుమస్తాను నాలుగుగా ఎందుకు పెడుతున్నావని అతను అడిగాడు. సుద్దముక్క సంగతి చెప్పింది. అప్పుడు గోడ, కౌంటరులో ఎంత తొక్కిసలాట ఉన్నా ఏ చెయ్యి ఎవరిదో ఆయనకు తెలుస్తుంది వదినా, నిజమే అన్నాడు. వెళ్ళి వాళ్ళిద్దరికీ చెప్పి, మధ్యాహ్నం భోజనాల వేళ బస్సులు కడిగే షెడ్డులో, ఎవరూ చూడకుండా పుస్తకంలో నాలుగు చేసే పనులు గుమస్తాకూ, పదిహేను చేసేవి వెదురుకూ వల్లె వేయించాడు. తెలియనిదేం లేదు, రెండు వారాలుగా ఒకరి పక్కన ఒకరు నిలబడి ఆ పాఠం వింటూనే ఉన్నారు.

కుట్టడం అనుకున్నంత సులువు కాలేదు. పదిహేను రెండంకెలు. వెదురు ఛాతీ మీద ఒకటి ఈ చంక కిందా ఐదు ఆ చంక కిందా వచ్చాయి. గుమస్తా పొట్ట మీద నాలుగు ఒంటరిగా, దారి తప్పినట్టు ఉంది. అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటి. ఇన్నేళ్ళ ఎండకు జెర్సీ అంతా వెలిసింది గానీ, నంబరు అతికిన చోట రంగు అలాగే ఉంది. పదిహేను ఊడదీసినా కింద ముదురు నీలంలో పదిహేను అలాగే మెరుస్తోంది, దాని మీద తెల్లటి నాలుగు. టైలరమ్మ తల పట్టుకుంది. ఇక వేళ లేదు, ఇస్త్రీ చేసి సంచిలో పెట్టేసింది.

ఆ సాయంత్రం రెఫరీ గుమస్తా పొట్ట దగ్గరికి వంగి చాలాసేపు చదువుకున్నాడు. గోడ కాగితం చూపించాడు. రెఫరీ వేలితో కుట్టు తడిమి, కుట్టిందే లెక్క అని ఈల వేశాడు. అప్పుడే మాస్టారు తలెత్తాడు. పదిహేను వెళ్ళి బుట్ట కింద నిలబడింది, దాని మీద వెదురు తల ఉంది. నాలుగు బంతి అందుకుంది, దానికి ముందు పొట్ట ఉంది. ఆయన మెల్లగా తిరిగి మెట్లకేసి చూశాడు. టైలరమ్మ మెట్ల పైనున్న రేకుల్లో చిల్లులెన్నున్నాయో లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఇప్పుడీయన ఆట ఆపించి నలుగురిలో రాద్ధాంతం చేస్తే ఇక కోర్టూ లేదు, ఆయనా లేడు.

ఆయన ఆట ఆపలేదు. పుస్తకం తెరిచి, కాస్త బొంగురుగా, "నాలుగూ, తీసుకురా" అన్నాడు.

నాలుగు తీసుకొచ్చింది. గుమస్తా పరిగెత్తలేదు, తీరిగ్గా నడిచాడు. కౌంటరు ముందు జనాన్ని చూసినట్టు అందర్నీ ఒకసారి చూసి, ఇంకెటో చూస్తూ బంతి విసిరాడు. అది వెదురు చేతిలో పడింది. వెదురు ఎగరనక్కర్లేకుండా చెయ్యి ఎత్తి బుట్టలో వేశాడు. ఎదుటివాళ్ళు పసుపు పట్టీ చూసి నవ్వడం అక్కడితో మానేశారు. అలాగని చిటికెలో గెలిచిపోయారని కాదు. గుమస్తాకు రెండో సగంలో ఆయాసం వచ్చి ఎనిమిది పాయింట్లు వెనకబడ్డారు. కండక్టర్లిద్దరూ మూలకు పరిగెడుతూ ఒకర్నొకరు గుద్దుకున్నారు. ఆఖరి నిమిషంలో యాభై, నలభై తొమ్మిది, అవతలి జట్టు ముందుంది. గోడ అడ్డం నిలబడ్డాడు, వాళ్ళవాడొకడు అతనికి తగులుకుని ఆగిపోయాడు. గుమస్తా చెమట తుడుచుకుంటూ, తుడుచుకునే చేత్తో కాక రెండో చేత్తో బంతి వెనక్కి అందించాడు. వెదురు చెయ్యెత్తాడు. యాభై ఒకటి, యాభై. మేనేజరు అడుగులు కొలవకుండా వెళ్ళిపోయాడు.

ఇంటిదాకా మాస్టారు పుస్తకం చంకలో పెట్టుకుని ముందు నడిచాడు. ఆమె రెండడుగులు వెనకే నడిచింది. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని భోజనానికి కూర్చున్నాడు. ఆమె వడ్డిస్తూ ఏం వినాల్సి వస్తుందో అని చూస్తోంది. ఒక ముద్ద తిని తలెత్తాడు.

"కూరలో ఉప్పు తక్కువైంది. ఆ గుమస్తా జెర్సీకి నాలుగు కింద ఒక గుడ్డ వేసి కుట్టాల్సింది. పాత నంబరు కనబడుతోంది."

టైలరమ్మకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఈ వంకలు పెట్టే మాటల కోసం ఇన్ని రోజులు తను ఎదురుచూసిందని ఎవరితోనైనా చెప్పుకుంటే నవ్వుతారు. మీ పుస్తకంలో ఒక్క గీత కూడా మార్చలేదండీ, కుట్లు నావి, విప్పుకున్నాను అంది. ఆయన తల ఊపి, అన్నం మళ్ళీ అడిగి వేయించుకున్నాడు. తినడం అయ్యాక ఆకుపచ్చ పుస్తకం తెచ్చి కుట్టుమిషను మీద పెట్టాడు.

"వచ్చేవారం ఇద్దరు కొత్తవాళ్ళు వస్తున్నారు. ఇంకా ఎవరెవరు పోతారో. రేపట్నుంచి ఐదింటికి నువ్వు కూడా రా. ఏ నంబరు ఎవరికో మనిషిని చూసి చెప్పడం నాకు చేతకాదు."

చేతకాదు అన్న మాట ఆయన నోట ముప్ఫై ఏళ్ళలో ఆమె వినలేదు. నాకు కుట్టుపని ఉందండీ అనబోయింది. రేడియో, చాపుకున్న కాళ్ళు, ఎవరూ లేని ముందుగది, ఆ మూడు గంటలూ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. వాటిని నిలబెట్టుకోవడానికే కదా తను ఇంత చేసింది. ఆమె కంచాలు తీసింది.

మర్నాడు ఐదింటికి పది నిమిషాలుందనగా మాస్టారు తయారై, ఆమె కోసం కాచుక్కూర్చునే బదులు కుర్చీ బోర్లించి కాలి మర బిగిస్తున్నాడు. ఇది ఎవరు వదులు చేశారో అని గొణుక్కున్నాడు. టైలరమ్మ రేడియో కట్టేసింది. మిషను మీద గుడ్డ కప్పి, టేపు మెడలో వేసుకుని, "పదండి" అని బయటికొచ్చి తలుపుకు తాళం వేసింది. ఆ తాళానికి నూనె కావాలన్నాడు ఆయన. సరే, వచ్చాక వేద్దురుగాని అంది.